చప్పుడు లేని కంటైనర్

ట్రైలర్ వెనక లైట్లు మలుపు తిరిగాయి.

"ఇంకా పోనియ్‌రా!"

"పోతానే ఉండానక్కా. ఇది బుల్లెట్టు బండి, రాకెట్టు కాదు."

ఎవాంజెలిన్ తమ్ముడి భుజం మీదుగా ముందుకు వంగింది. పొద్దు ఇప్పుడే గుంకింది. రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులు. ఎదురుగా తెల్లటి కంటైనర్ ఊగుతూ పోతోంది. దాని తలుపు మీద ఆకుపచ్చ స్టిక్కర్!

ఆ స్టిక్కర్ చూస్తుంటే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

దాన్ని తెచ్చింది ఆమే మరి.

ఆమె కస్టమ్స్‌లో ఇన్‌స్పెక్టర్. వచ్చే సరుకు, పోయే సరుకు పోర్టు గేటు దగ్గర ఎందుకు ఆగిపోతున్నాయో తేల్చడమే రెండేళ్లుగా ఆమె పని. ఒక్కో కాగితం వెనక టేబుల్ నుంచి టేబుల్‌కి తిరిగింది. "ఈ సంతకం ఎందుకు సార్?" అని అడిగి అందరి చేతా తిట్లు తింది. అక్కర్లేని సంతకాలన్నీ ఎగరగొట్టింది.

అలా వచ్చింది గ్రీన్ లైన్. మచ్చ లేనివాళ్లని జాబితాలో పేరు ఎక్కినవాళ్ల సరుకు ఫ్యాక్టరీలోనే సీలు వేసుకుని వస్తుంది. గేటు దగ్గర ఎవరూ ఆపరు. తెరవరు. నేరుగా ఓడెక్కుతుంది.

ఇప్పుడు ఆ దారిలోనే ఏదో దొంగ సరుకు పోతోంది!

టీ కొట్టు దగ్గరే ఆమెకు అనుమానం వచ్చింది. తమ్ముడు రూఫస్ ఆమెను డ్యూటీలో దింపడానికి బయల్దేరాడు. ముత్తుకూరు దాటాక టీ తాగుదామని ఆమే ఆపించింది.

"ఇక్కడొద్దక్కా. టీ బాగుండదు" అన్నాడు వాడు.

ఆ ట్రైలర్ అక్కడే నిలబడి ఉంది. రొయ్యల కంటైనర్ అంటే దాన్ని చల్లగా ఉంచే జనరేటరు, జెన్‌సెట్, చెవులు చిల్లులు పడేలా మోగుతూ ఉండాలి. అది ఆగితే లోపల చల్లదనం పోతుంది, సరుకు కుళ్లిపోతుంది. డ్రైవర్ టీకి దిగినా, కునుకు తీసినా జెన్‌సెట్ మాత్రం ఆపడు.

ఈ కంటైనర్‌లో చప్పుడు లేదు.

దగ్గరికి వెళ్లి చూస్తే... డ్రైవర్ జెన్‌సెట్ ట్యాంకులో పైపు పెట్టి క్యాన్లలోకి డీజిల్ లాగుతున్నాడు! అమ్ముకోవడానికి. లోపల చెడిపోయేది పెద్దగా ఏమీ లేదని వాడికి తెలుసు. అందుకే కక్కుర్తి పడ్డాడు.

"ఎవరి లోడయ్యా ఇది?"

వాడు ఆమె మెడలో ఐడీ కార్డు చూశాడు. పక్కనున్న రూఫస్‌ను చూశాడు. పైపు అక్కడే పారేసి క్యాబిన్‌లోకి దూకాడు.

అప్పుడు మొదలైంది ఈ పరుగు.

ఆమె ఒంటిచేత్తో ఫోన్ తీసింది. గేటు దగ్గర ఈ పూట డ్యూటీ సూపరింటెండెంట్ నరేంద్రబాబుది.

"సార్, గ్రీన్ లైన్‌లో ఒక ట్రైలర్ వస్తా ఉంది. ఆపండి."

"గ్రీన్ గదమ్మా. ఎట్లా ఆపేది? పైనుంచి ఆర్డరు లేకుండా గ్రీన్ బండి జోలికి పోకూడదని రూలు రాసింది నువ్వే గదా."

"అందులో రొయ్యల్లేవు సార్."

"తెరిచి చూసినావా?"

ఆమె పళ్లు నూరింది. "లేదు."

"మరి? ఆర్డరు వచ్చేలోపల ఓడ కదిలిపోతుంది. గేటు బయటే తేల్చుకో తల్లీ. లోపలికొస్తే నా చేతుల్లో ఉండదు."

ఫోన్ జేబులో కుక్కింది. తన రూలు తన కాళ్లకే అడ్డం పడింది. ఎవరిని తిట్టాలి?

"అక్కా..." గాలిలో రూఫస్ గొంతు. "వదిలేద్దామా?"

"ఏందిరా?"

"ఒక్క దొంగ దొరికితే మొత్తం గ్రీన్ లైన్ మూసేస్తారు. మళ్లీ అందరి కంటైనర్లూ తెరుస్తారు. మళ్లీ రొయ్యలు ఎండలో పడతాయి. విడవలూరులో ఎంతమంది చెరువులు వేసినారో నీకు తెలీదా?"

ఆమె ముందు పోతున్న ఆకుపచ్చ స్టిక్కర్ వైపు చూసింది.

వాడు చెప్పింది నిజమే. గ్రీన్ లైన్ రాకముందు వీడి కంటైనరే గేటు ముందు రోజుల తరబడి ఆగిపోయింది. ఒక కాగితం మీద ఒక సంతకం కోసం! తలుపు తెరిస్తే వచ్చిన ఆ కంపు ఆమె ఇంకా మరిచిపోలేదు. రోడ్డు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు వీడు.

వీడంటే ఆమెకు ప్రాణం. చెరువు గట్టే వాడి ఇల్లు. నీళ్లను చిలికే ఏరియేటర్ల హోరులోనే నిద్రపోతాడు. ఆ హోరు ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేస్తాడు. అవి ఆగాయంటే రొయ్యలకు ఊపిరాడదు. చర్చిలో వాడి పెళ్లినాడు కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి... ఉంగరం చేత్తో పట్టుకుని తల తిప్పి తలుపు వైపు చూశాడు! పెళ్లికూతురితో సహా అందరూ నవ్వారు.

వాడి కోసమే ఆమె ఈ గ్రీన్ లైన్ తెచ్చింది.

"మూస్తే మూయనీ. ముందు వాణ్ణి పట్టుకోవాలి. పోనియ్!"

ట్రైలర్ పెద్ద రోడ్డు వదిలేసింది. చెరువుల మధ్య సందు రోడ్డులోకి తిరిగింది.

"పిచ్చోడు. ఆడ రైలు గేటుంది" అంది ఎవాంజెలిన్.

గేటు పడి ఉంది!

బొగ్గు రైలు వస్తోంది. ఇంజను హారన్ కొట్టింది. ట్రైలర్ బ్రేకులు కీచుమన్నాయి. బైక్ ఆగకముందే ఆమె దూకేసింది.

డ్రైవర్ ఇనుప కడ్డీ పట్టుకుని దిగాడు.

వ్యాగన్లు దడదడమంటూ దాటుతున్నాయి. నేల అదురుతోంది.

"దగ్గరికి రావద్దు మేడం!"

"ఏం చేస్తావురా? కొడతావా? కొట్టు." ఆమె ఆగలేదు. "డీజిల్ దొంగవి. ఇంతవరకే నీ తప్పు. నన్ను కొట్టినావంటే జైల్లోనే ముసలోడివవుతావు."

వాడు మళ్లీ రూఫస్ వైపు చూశాడు. ఏమనుకున్నాడో... కడ్డీ పడేసి చెరువు గట్టు వెంట చీకట్లోకి పరుగెత్తాడు.

ఆమె కడ్డీ అందుకుంది. సీలు తెగదని ఆమెకు తెలుసు. సీలు వేసిన హ్యాండిల్ మాత్రం ఊడుతుంది. కడ్డీ దూర్చి ఒళ్లంతా బరువు వేసింది.

రివెట్ టప్పున ఎగిరింది!

తలుపు తెరిచింది. ముందు వరసలో రొయ్యల అట్టపెట్టెలు. అప్పుడే కరిగి నీళ్లు కారుతున్నాయి. రెండు పెట్టెలు కడ్డీతోనే కిందికి లాగేసింది. ఫోన్ లైటు లోపలికి కొట్టింది.

ఎర్రచందనం!

పైకప్పు దాకా దుంగలు. అడవినే నరికి పేర్చినట్టు ఉన్నాయి.

"నా లైన్‌లో... నా లైన్‌లోనా!"

నరేంద్రబాబుకు మళ్లీ ఫోన్ కలిపింది.

"రూఫస్! క్యాబిన్‌లో బండి తాళం తీసుకురా. ఆ దొంగ మళ్లీ వస్తాడేమో."

రూఫస్ క్యాబిన్ ఎక్కాడు.

తిరిగి వచ్చాడు.

వాడి చేతిలో తాళం లేదు. పిస్తోలు ఉంది!

"ఫోన్ పెట్టెయ్ అక్కా."

ఆమెకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. వాడు క్యాబిన్‌లో వెతకనే లేదు. అది ఎక్కడుంటుందో ముందే తెలిసినవాడిలా వెళ్లి వచ్చాడు.

అప్పుడు గుర్తొచ్చింది... టీ కొట్టు.

"నువ్వు తల తిప్పలేదురా" అంది. "ఫ్యాను ఆగితే పెళ్లిలోనే తల తిప్పినోడివి. అంత పెద్ద రొయ్యల కంటైనర్ చప్పుడు లేకుండా నిలబడి ఉంటే... నీ తల తిరగలేదు. లోపలేముందో నీకు తెలుసు."

"లోడు నా పేరు మీదే పోతా ఉంది." రైలు హోరులో వాడు గట్టిగా అరిచాడు. "మచ్చ లేని రైతని మొదటి పేరు నాదే పెట్టినావు గదా! నీ గ్రీన్ లైన్ వచ్చేసరికి నా దగ్గర చెరువుల్లేవక్కా. ఆ కంటైనర్ కుళ్లినప్పుడే అన్నీ పోయినాయి. నాకు మిగిలింది నువ్విచ్చిన పేరొక్కటే. దాన్నే అమ్ముకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు వినే తీరిక యాడుంది? టేబుళ్ల చుట్టూ తిరగతానే ఉంటివి!"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. నిజం కాబట్టే ఇంకా కోపం వచ్చింది.

"పెట్టెయ్ అక్కా. నన్ను పట్టిస్తే నీ లైన్ పోతుంది. అందరి రొయ్యలూ కుళ్లుతాయి. నువ్వే బాగా ఆలోచించు."

చెవి దగ్గర ఫోన్‌లో నరేంద్రబాబు గొంతు సన్నగా వినిపిస్తోంది. "హలో... హలో అమ్మా?"

ఆమె పట్టాల వైపు చూసింది. దూరంగా రైలు చివర ఎర్రలైటు దగ్గరవుతోంది.

వీణ్ణి పెంచింది ఆమే. వీడి చెవుల సంగతి ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కడ్డీ మీద పట్టు బిగించింది.

ఆఖరి వ్యాగన్ దాటింది.

హోరు ఆగిపోయింది!

రూఫస్ తల తిరిగింది...

ఆమె కడ్డీ వాడి మణికట్టు మీద పడింది.

ఢాం!

ఎడమ భుజం భగ్గుమంది. ఆమె వెనక్కి తూలి తలుపుకు ఆనుకుంది. పిస్తోలు రోడ్డు పక్కకు జారి చెరువు నీళ్లలో పడింది. రూఫస్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె చొక్కా మీద నెత్తురు చూసి వాడి మొహం తెల్లబోయింది.

"అక్కా... నేను కావాలని కాదక్కా..."

ఆమె ఫోన్ కుడి చెవికి పెట్టుకుంది.

"ఏందమ్మా ఆ శబ్దం? గ్రీన్ లైన్ మొత్తం ఆపేయమంటావా?"

"వద్దు సార్." ఊపిరి అందడం లేదు. అయినా గొంతు వణకనివ్వలేదు. "లైన్ ఆపొద్దు. ఒక్క బండి కూడా ఆగకూడదు. ఆ జాబితాలో ఒక్క పేరు కొట్టేయండి. పోలీసుల్ని పంపండి."

"ఎవరి పేరమ్మా?"

వాడు ఆమె కాళ్ల దగ్గర, ఆ రోజు గేటు ముందు ఏడ్చినట్టే ఏడుస్తున్నాడు.

"మొదటిది సార్" అంది ఎవాంజెలిన్. "రూఫస్. మా తమ్ముడు."