నూట ఇరవై సెకన్ల తాళం

"మీరు బయటికి వెళ్తారా, నన్ను వెళ్లమంటారా?"

ఆ అమ్మాయి అతనితో అన్న మొదటి మాట ఇది. ప్రేమకథ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి మాట దొరికేదే గానీ, జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి కదా.

ఆమె తప్పేం లేదు. టేబుల్ ముందు కూర్చున్న నాన్నకి వెనక నిలబడి, "కుడివైపు తిప్పు నాన్నా, కొంచెం నొక్కి" అని అతను అప్పటికి మూడుసార్లు అందించాడు. పక్షవాతం వచ్చిన చేతికి ఏ రకం శిక్షణ ఇస్తే ఎంత శక్తి తిరిగొస్తుందో తేల్చడానికి ఆ వైద్య కేంద్రంలో చేస్తున్న పరిశోధన అది. ఆమె పని కొలవడం. రోగి పని పేపర్ క్లిప్ తీయడం, తువ్వాలు మడవడం, డబ్బా ఎత్తడం, చెక్కకి బిగించిన తాళాన్ని తిప్పడం. ఒక్కోదానికి ఎన్ని సెకన్లు పట్టిందో మెడలో వేలాడే స్టాప్‌వాచ్ చూసి రాసుకోవాలి. నూట ఇరవై దాటితే "చేయలేదు" అని రాయాలి.

అతను తలుపు దాకా వెళ్లి గుమ్మంలో ఆగిపోయాడు. నాన్న వేళ్లలోంచి తాళంచెవి జారి టేబుల్ మీద పడింది. మళ్లీ తీశాడు. మళ్లీ జారింది.

వాళ్ల వీధిలో నాన్న పేరు తాళాలాయన. అతన్ని చిన్నతాళం అంటారు. బీరువా తాళంచెవి పోయినా, పసివాడు లోపల గడియ పెట్టేసుకున్నా అందరూ నాన్న దగ్గరికే పరిగెత్తుకొచ్చేవారు. అలాంటి మనిషి ఇవాళ తాళంచెవి చేతికిచ్చినా తిప్పలేకపోయాడు.

"టైమ్ అయిపోయింది సార్," అంది ఆ అమ్మాయి మెల్లగా.

"సార్ ఏంటమ్మా, బాబాయ్ అను," అన్నాడాయన, నవ్వబోయి.

"వద్దు నాన్నా! సార్ అంటేనే బాగుంది!" అన్నాడు గుమ్మంలోంచి చిన్నతాళం.

ఎందుకలా అరిచాడో అతనికే తెలీదు. నాన్నకి మాత్రం అర్థమైనట్టుంది, కొడుకు వైపు ఒక చూపు చూసి ఊరుకున్నాడు.

కారిడార్‌లో ఆమె వెనకాలే వెళ్లాడు. "ఒక్క నిమిషమండీ. నాన్నని ఏ గుంపులో వేశారంటే..."

"చెప్పకండి!" ఆమె రెండు చెవులూ మూసేసుకుంది. ఫైలు కింద పడింది. "సగం మందికి బాగున్న చేతికి తొడుగు వేసి, బాగాలేని చేత్తోనే పనులు చేయిస్తారు. మిగతా సగం మందికి మామూలు వ్యాయామాలు. ఎవరెవరో నాకు తెలీకూడదు. తెలిస్తే నా చేయి ఒకవైపు మొగ్గుతుంది."

"ఏం, మీ మీద మీకే నమ్మకం లేదా?"

"లేదు. తూకం వేసేవాడికి సరుకు ఎవరిదో తెలీకుండా ఉంటేనే మంచిది."

"మరి మీతో ఏం మాట్లాడొచ్చు?"

ఆమె ఫైలు తీసుకుంటూ ఆలోచించింది. "ఎండా వానా మాట్లాడుకోవచ్చు."

అమ్మో, ఏం పొగరు అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, మర్నాటి నుంచి పేపర్లో వాతావరణం వార్తలు చదవడం మొదలుపెట్టాడు.

నాన్న ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని లేచేశాడు. "అంత వీజీ తాళంరా అది. తాళంచెవికి రెండే పళ్లు," అన్నాడు.

కొడుకు రాత్రికి రాత్రే పనిముట్లు ముందేసుకున్నాడు. తాళం ఒక్కసారి చూస్తే లోపల ఏముందో చెప్పగలగడం వాళ్ల ఇంటి విద్య. తెల్లారేసరికి అచ్చం అలాంటి తాళం, అదే సైజు చెక్క, అదే ఎత్తున నాలుగు మరలతో బిగించి నాన్న ముందు పెట్టాడు. "తిప్పు. రోజూ వందసార్లు," అన్నాడు.

నాన్నకి తొడుగు గుంపే వచ్చింది. ఎడమ చేతికి మందపాటి తొడుగు వేసుకుని, కుడిచేత్తోనే గ్లాసు పట్టడం, బొత్తాలు పెట్టుకోవడం, చొక్కా మీద టీ ఒలకబోసుకుని కొడుకుని తిట్టడం. మిగతా టైమంతా ఆ తాళమే.

వారానికి మూడు రోజులు శిక్షణ. నాన్నని లోపల వ్యాయామాల మాస్టారికి అప్పగించి, చిన్నతాళం మెట్ల దగ్గర నిలబడేవాడు. ఆమె ఆ దారినే వెళ్లాలి.

"ఇవాళ మబ్బుగా ఉందండీ."

"అవునండీ."

వారం తర్వాత, "గాలి పడమటి నుంచి వీస్తోంది. సాయంత్రానికి వాన గ్యారంటీ."

"మీరు తాళాలు చేస్తారా, వాతావరణ శాఖలో చేస్తారా?"

"పార్ట్ టైమ్ అండీ."

ఆమె నవ్వింది. నవ్వినందుకు తనని తనే తిట్టుకుంటున్నట్టు పెదవి కొరుక్కుని వెళ్లిపోయింది. సాయంత్రం నిజంగానే వాన కుమ్మేసింది. గేటు దగ్గర ఆమె గొడుగు లేకుండా నిలబడి ఉంటే, అతను తన గొడుగు చేతిలో పెట్టేసి, నాన్నని ఆటో ఎక్కించి, తను నిలువెల్లా తడిసి ఇల్లు చేరాడు. మూడు రోజులు తుమ్మాడు. నాలుగో రోజు గొడుగు తిరిగొచ్చింది. మడత విప్పితే లోపల చీటీ: "వాతావరణ శాఖ వారికి కృతజ్ఞతలు."

ఆ చీటీ అతని పర్సులో ఎన్నాళ్లుందో చెబితే నవ్వుతారు.

మూడు నెలలకి రెండో పరీక్ష. ఈసారి అతను నోరెత్తకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. పేపర్ క్లిప్ తీయడానికి నాన్నకి యాభై సెకన్లు పట్టింది. తువ్వాలు వంకరగా మడిచాడు. తాళం దగ్గరికొచ్చేసరికి తాళంచెవి అందుకుని, దూర్చి, టక్కున తిప్పేశాడు.

"తొమ్మిది సెకన్లు!" ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచిపోయింది. కళ్లు మెరిసిపోతున్నాయి. "సార్, తొమ్మిదే!"

ఆ కళ్లు చూసి చిన్నతాళానికి మతి పోయింది. "ఊరికే వచ్చిందా అండీ? అచ్చం ఇలాంటి తాళమే చేసిచ్చాను. చెక్కతో సహా! రోజుకి వందసార్లు తిప్పించాను!"

ఆమె మొహంలో వెలుగంతా ఆరిపోయింది. మెల్లగా కూర్చుంది.

"ప్రశ్నాపత్రం ముందే ఇచ్చేశారన్నమాట," అంది. "చేయి బాగైందో, ఈ ఒక్క తాళం అలవాటైందో నాకెలా తెలుస్తుందండీ? ఇది రిపోర్ట్ చెయ్యాలి."

"రిపోర్టా? ఎవరి మీద? నాన్న మీదా?"

"జరిగినదాని మీద."

"ఒక్క ముక్క రాయకపోతే ఏమవుతుంది?"

"ఇలాంటి ఒక్కో ముక్కా వదిలేస్తూ పోతే, రేపు మంచాన పడే ఇంకో మనిషికి మేం తప్పు వైద్యం చెబుతాం."

"నాన్నని తీసేస్తారు కదా!" అతని గొంతు లేచింది. ఆ శిక్షణ ఆగిపోతే ఆ చేయి అక్కడే ఆగిపోతుంది, అదీ అతని భయం. "మూడు నెలలుగా ఎడమ చేతికి ఆ తొడుగు కట్టుకుని ఆ ముసలి ప్రాణం ఎంత అవస్థ పడిందో మీకేం..."

ఆగాడు. ఆలస్యమైపోయింది. ఈసారి ఆమె చెవులు మూసుకోలేదు. పెన్ను టేబుల్ మీద పెట్టేసింది.

"అదీ చెప్పేశారు," అంది.

రెండు వారాలు అతను కేంద్రం గేటు దాటి లోపలికి వెళ్లలేదు. నాన్నని దింపి, బయటే నిలబడ్డాడు. ఇవాళ పంపేస్తారు, రేపు పంపేస్తారు అనుకుంటూ రోజూ గేటు వైపే చూసేవాడు. చివరికి ఒకరోజు వ్యాయామాల మాస్టారే గేటు దాకా వచ్చాడు.

"ఏమయ్యా, మీ నాన్నని తీసేయరు కదా అని రోజూ ఆటోవాడితో అడిగిస్తావేంటి? నోరు లేదా? తాళం లెక్క ఒక్కటే పక్కన పెట్టారంతే. శిక్షణ మామూలే. ఆఖరి కొలత ఇంకొకరు తీస్తారు. 'కొడుకు చేసిన పనికి తండ్రిని తీసేయొద్దు' అని ఆ అమ్మాయి మా పెద్ద డాక్టర్‌తో గంటసేపు వాదించింది. తనే ఈ కేసు వదులుకుంటానంది."

చిన్నతాళానికి తల కొట్టేసినట్టయింది. నిజం రాసిన మనిషిని శత్రువులా చూశాడు. క్షమాపణ ఎలా చెప్పాలో నాలుగు రోజులు ఆలోచించాడు గానీ, నాలుగు అడుగులు వేయలేకపోయాడు.

ఐదో రోజు సాయంత్రం సన్నగా వాన. తమ తాళాల షాపులో నాన్న కుడిచేత్తో మరలు ఏరి డబ్బాలో వేస్తున్నాడు. గుమ్మంలో గొడుగు మడిచిన చప్పుడైంది. ఆమె. మెడలో స్టాప్‌వాచ్ లేదు.

"మా ఇంటి గేటు తాళమండీ," అంది, అతని వైపు చూడకుండా. "వానకి తుప్పు పట్టి బిగుసుకుపోయింది."

అతను చేయి చాపేలోపు నాన్న, "ఇలా ఇవ్వమ్మా," అన్నాడు.

పాతకాలపు బరువైన తాళం. నాన్న ఎన్నడూ చూడనిది. ఊది, నూనె చుక్కలు వేసి, విదిలించి, కుడిచేత్తో తాళంచెవి దూర్చాడు. వేళ్లు వణికాయి. ఒకసారి జారింది. "కుడివైపు..." అనబోయి చిన్నతాళం నోరు చేత్తో మూసుకున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది. మళ్లీ జారింది. నాన్న చొక్కాకి చేయి తుడుచుకుని, మళ్లీ పట్టుకుని, నెమ్మదిగా తిప్పాడు.

తాళం నోరు తెరిచింది.

నాన్న తన చేతినే చూసుకుంటున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత పట్టిందమ్మా?"

"లెక్కపెట్టలేదు," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "ఇది ఏ లెక్కలోకీ రాదు. నా కోసం చూసుకున్నానంతే."

"సారీ అండీ," అన్నాడు చిన్నతాళం. మిగతా మాటలన్నీ మర్చిపోయాడు.

"నేను మీ నాన్నగారిని ఇక కొలవను," అంది. "అంటే... మీతో ఎండా వానా కాకుండా వేరే కూడా మాట్లాడొచ్చు."

"అయితే ఒకటి చెప్పేయనా? నాకు వాతావరణం గురించి ముక్క తెలీదు. మీరు నవ్వుతారని మూడు నెలలు పేపర్ బట్టీ పట్టాను. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"తెలుసు," అంది ఆమె. చెవులు ఎర్రబడ్డాయి. "ఆరోజు గాలి తూర్పు నుంచి వీస్తోంది."

నాన్న తాళాన్ని వెలుగుకి పట్టుకుని లోపలికి చూశాడు. "అమ్మాయ్, తుప్పన్నావు కదూ. తుప్పు ఎర్రగా ఉంటుంది. ఇందులో తెల్లగా ఉందేంటి? ఎవరో సుద్దపొడి కూరినట్టున్నారే."

ఆమె తల దించుకుంది. "నేనే. రావడానికి ఏదో ఒక వంక కావాలి కదా."

చిన్నతాళం ముందు నోరు తెరిచాడు, తర్వాత పడీపడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది.

"చూడమ్మా," అన్నాడు నాన్న, తాళం ఆమె చేతిలో పెడుతూ. "మొదటిరోజు నన్ను బాబాయ్ అనమన్నాను. అది నా పొరపాటు. కొట్టేసి, మామయ్య అని రాసుకో. నువ్వెలాగూ తప్పు జరిగితే రిపోర్ట్ రాయకుండా ఉండవు కదా."

"అలాగే," అంది ఆమె. ఒక్క క్షణం ఆగి, "మామయ్యా," అని కలిపింది.