తొట్టి తగిలింది

"మా ఆమె చెయ్యని పాపానికి జైలుకు పోతదంట మేడం!"

కొమురయ్య కుర్చీలో కూర్చోనంటే కూర్చోనన్నాడు. బోరబండలో ఆటో నడుపుకునే మనిషి. భార్య భాగ్యమ్మ హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. నిన్న పొద్దున ఆ కంపెనీ ముందు హాల్లో నిలువెత్తు అక్వేరియం బద్దలై, చేపలన్నీ చచ్చి, భాగ్యమ్మ భుజం విరిగింది. తప్పు ఆమెదేనని, ఆమే ఒప్పుకుందని, సాయంత్రానికల్లా పోలీసు ఫిర్యాదు ఇస్తామని మేనేజరు కబురు పెట్టాడు.

"ఏమని ఒప్పుకుంది?" అడిగింది డిటెక్టివ్ ఉమాశ్రీ.

"'తొట్టి తగిలింది' అన్నదంట. తుడిసే తొట్టి తగిలిచ్చి పలగ్గొట్టిందని వాళ్ళంటున్నరు."

ఉమాశ్రీ ముక్కు కొస ఎర్రబడింది. అసిస్టెంటు జశ్వంత్‌కు ఆ ఎరుపు బాగా తెలుసు. అది కనబడిందంటే ఎవరికో మూడిందన్నమాటే.

ముందు దవాఖానకు వెళ్ళారు. భాగ్యమ్మ కట్టుతో పడుకుని ఉంది.

"నా బకీటు కొత్తది మేడం. ఎవరన్న జర తీసి పెట్టిండ్రా?" అంది వాళ్ళను చూడగానే.

ఎముక విరిగినా బకెట్టు మీద ధ్యాస పోలేదని జశ్వంత్‌కు నవ్వొచ్చింది. ఉమాశ్రీ నవ్వలేదు.

"నిన్న హాల్లో ఏం జరిగిందమ్మా?"

"లోపలికి పోంగనే పొయ్యి కాడ నిలవడ్డట్టు సెగ కొట్టింది. గింత సెగేందని తల ఎత్తిన. ఇగ ఏం జరిగిందో ఎరుక లేదు."

కంపెనీలో మేనేజర్ ప్రశాంత్ వాళ్ళను మర్యాదగానే లోపలికి తీసుకెళ్ళాడు. నేల ఆరింది గానీ మూలల్లో ఇంకా అక్వేరియంలోంచి చెదిరిన నీలం గులకరాళ్ళు ఉన్నాయి. పగిలిన పలకలు ఒక పక్కన పేర్చారు. వాటి పైన, ఉత్త గాలిలో, హాలోజన్ లైట్లు గొలుసులకు వేలాడుతున్నాయి.

"ఈ లైట్లు ఎవరు కట్టారు?"

ఎలక్ట్రీషియన్ రాజేందర్ ముందుకొచ్చాడు. "నేనే మేడం. అంచుకు మూరెడు పైన కట్టిన. ఇది అద్దం కాదు, యాక్రిలిక్, వేడికి మెత్తబడుతదని అక్వేరియమోళ్ళు చెప్పిండ్రు. అప్పుడు మేనేజర్ సారు కూడ పక్కనే ఉన్నడు. నిన్న, మొన్న నేను సెలవుల ఉన్న."

"ఇప్పుడూ మూరెడు పైనే ఉన్నాయి కదా!" ప్రశాంత్ అందుకున్నాడు. "మొన్న వీడియో షూటింగ్ అయినప్పుడు కూడా వాటినెవరూ ముట్టలేదు. నిచ్చెన స్టోర్‌రూమ్‌లో ఉంటుంది, తాళం నా జేబులోనే ఉంటుంది. వారం నుంచి తీయనే లేదు."

"ఏదీ, తీయండి" అంది ఉమాశ్రీ.

నిచ్చెన కాళ్ళకున్న రబ్బరు తొడుగులను ఆమె వంగి చూసింది. తర్వాత పలకల దగ్గరికి వచ్చి, అక్వేరియం పైఅంచు చుట్టూ గోడలను పట్టి ఉంచే పట్టీ ముక్కను వెతికి తీసింది. ఒకచోట అది వేయించిన అప్పడంలా వంగి, బుడగలు పొంగి ఉంది.

"మీ డైరెక్టర్‌ను పిలవండి. అందరూ రండి."

డైరెక్టర్ తేజస్విని ఫోను చేతిలో పట్టుకునే వచ్చింది. ఉమాశ్రీ ఆ ముక్కను ఆమె ముందు పెట్టింది.

"బకెట్టు తగిలితే అడుగున పగలాలి. ఇది పైన కాలింది. షూటింగ్‌లో చేపలు మెరవాలని ఎవరో లైట్లు అంచు దాకా దించి, ఆర్పకుండా వెళ్ళిపోయారు. రాత్రంతా వేడికి పట్టీ మెత్తబడింది. దాని పట్టు సడలి పొద్దునకు గోడ విరిగింది."

"లైట్లు పైనే ఉన్నాయి కదండీ!" అంది తేజస్విని.

"ప్రమాదం తర్వాత పైకెత్తారు. వారం నుంచి బయటికి రాలేదన్న నిచ్చెన కాళ్ళలో ఈ నీలం రాళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. అక్వేరియం పగలకముందు ఇవి నేల మీద లేవు. తాళం ఎవరి జేబులో ఉందో ఆయనే చెప్పారు."

ప్రశాంత్ ముఖం పాలిపోయింది. "కానీ మేడం, ఆమే ఒప్పుకుంది..."

"ఏం ఒప్పుకుంది?" ఉమాశ్రీ గొంతు హాలంతా మోగింది. "భాగ్యమ్మ తుడిచే నీళ్ళు పట్టేదాన్ని బకీటు అంటుంది. మీరు అక్వేరియం అనేదాన్ని తొట్టి అంటుంది. ఆ తొట్టి గోడే వచ్చి తనకు తగిలిందని చెప్పింది. దెబ్బ తిన్న మనిషి మొరను నేరం చేసి పెట్టావు! ఏ తొట్టి అని ఒక్క మాట అడిగావా?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను మేడం. పగులుతుందని అనుకోలేదు."

"పగిలినందుకు కాదయ్యా నా కోపం. అంత నొప్పిలో ఉన్న ఆడమనిషి నెత్తిన ఆ తప్పు రుద్దావే, దానికి!"

జశ్వంత్‌కు దవాఖానలో తను నవ్విన నవ్వుకు సిగ్గేసింది.

తేజస్విని చప్పున గొంతు తగ్గించింది. "జరిగిందేదో జరిగింది. వైద్యం మొత్తం కంపెనీ చూసుకుంటుంది. పోలీసులెందుకు? దీన్ని మనలో మనమే సర్దుకుందాం కొమురయ్యా."

అంతసేపూ తలుపు దగ్గరే నిలబడ్డ కొమురయ్య మొదటిసారి హాలు మధ్యకు వచ్చాడు.

"మనలోనా? పొద్దటిదాంక మేం నేరం జేసినోళ్ళం. ఇప్పుడు మీలో ఎట్ల కలిసినం మేడం?" అన్నాడు. "సాయంత్రం ఠాణాల ఫిర్యాదు ఇస్తమన్నరు కద. మీరు ఫికర్ చెయ్యకుండ్రి, అది నేనే ఇచ్చొస్త. పేరొక్కటే మారుతది."

అతడు వెనక్కి చూడకుండా ఆటో దగ్గరికి నడిచాడు. ఉమాశ్రీ ఆ పట్టీ ముక్క తీసుకుని వెళ్ళి అతని వెనక సీట్లో కూర్చుంది.