లాకుల మిల్లులో ఆగని రంపం

కడియం దాటి కాలువ గట్టున నాలుగు కిలోమీటర్లు పోతే కాలువ నీళ్లు ఆపే పాత లాకులొస్తాయి. వాటి పక్కనే మూతబడిన కలప కోత మిల్లు ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు లెండి. ఉన్నన్నాళ్లూ మాత్రం, పొద్దుగూకాక ఆ గట్టు మీద బండి ఆపిన మగాణ్ని నేను చూడలేదు.

నర్సరీ మొక్కలకి లారీలు మాట్లాడిపెట్టడం నా పని. రాత్రి లోడు అంటే డ్రైవర్లు ముందే చెప్పేసేవారు.

"లాకుల మీంచి మాత్రం రానండి. చుట్టు తిరిగొస్తాను."

"ఏం? ఏముందక్కడ?"

"రంపం తిరుగుద్దండి లోపల."

కరెంటు ఎప్పుడో పీకేశారు. తలుపుకి తాళం. మిషన్లన్నీ తుప్పు. అయినా వినబడుతుందట. ముందు ఇంజను తాడు లాగిన చప్పుడు — సర్ర్... కాసేపటికి మళ్లీ — సర్ర్... ఆ తర్వాత ఇంజను అందుకుంటుంది. గీ... మని అరుస్తుంది. అరుస్తూనే ఉంటుంది.

ఆగదు. అదీ అసలు భయం. బండి ఎంత దూరం పోయినా చెవిలో ఆగదు.

నేను నవ్వేవాణ్ని. మందు ఎక్కువైందా అనేవాణ్ని. కిందటి వానాకాలం సత్తియ్య నోట విన్నాక మాత్రం నవ్వడం మానేశాను.

సత్తియ్య మెకానిక్. కొవ్వూరు రేవులో చేపల వేటకెళ్లే వాళ్ల ఇంట్లో పుట్టాడు గానీ, చేతికి వల కన్నా స్పానర్ బాగా పట్టింది. మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, నీళ్ల ఇంజన్లు — ఏదైనా సరే, చెవి దగ్గర పెట్టి రెండుసార్లు తిప్పి జబ్బు చెప్పేస్తాడు. దేవుణ్ణే అరకొరగా నమ్మే మనిషి. ఇక దెయ్యాన్నేం నమ్ముతాడు?

ఇదంతా అతను చెప్పిందే. నా సొంతం ఒక్క ముక్క లేదు.

ఓ సాయంత్రం అతని షాపుకి వెంకటదుర్గ అనే ఆవిడ వచ్చింది. నర్సరీలో సంచుల్లో మట్టి నింపే కూలి మనిషి. నలభై దాటి ఉంటాయి. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"సత్తియ్యగారంటే మీరేనాండి? ఒక రంపం మిషన్ చూడాలండి."

"తెచ్చారా?"

"తేవడానికి లేదండి. మిల్లులో ఉంది. లాకుల దగ్గర మిల్లులో."

సత్తియ్య చేతిలో పని ఆపి తలెత్తాడు.

ఆవిడ భర్త గంగయ్య ఆ మిల్లులో దుంగలు కోసేవాడు. పదకొండేళ్ల కిందట, ఓ నిద్రగన్నేరు దుంగ కోస్తుంటే రంపం తొడ మీద పడింది. రాజమండ్రి ఆస్పత్రికి చేరేలోపే, ఆటోలో, ఆవిడ ఒళ్లోనే పోయాడు. తాగి మిషన్ మీద పడ్డాడని మిల్లు యజమాని అందరికీ చెప్పాడు. ఆ తర్వాత ఆయనా పోయాడు, మిల్లూ మూతబడింది. ఆ మాట మాత్రం పోలేదు. బళ్లో కూడా గంగయ్య కూతుర్ని తాగుబోతు కూతురనే పిలిచేవారు.

"ఆయన చుక్క ముట్టేవాడు కాదండి," అంది వెంకటదుర్గ. "ఆటోలో నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. 'నొక్కానే... ఆగలేదే... నొక్కానే...' అదే ఆఖరి మాటండి. ఎవరితో చెప్పినా, తాగినోడి మాటలే అని తీసిపారేశారు."

మిల్లు స్థలం ఎవరో నర్సరీ పెట్టడానికి కొన్నారు. తెల్లారితే కూల్చడానికి జేసీబీ వస్తుంది. ఇనుమంతా పాత సామాన్లవాడికి పోతుంది. గేటు దాటి మేకు కూడా బయటికి పోకూడదని కొత్త యజమాని ఆర్డరు. బతిమాలితే, లోపలికెళ్లి చూసుకోవడానికి ఒక్క రాత్రి ఒప్పుకున్నాడు.

"దాన్ని ఒక్కసారి స్టార్ట్ చేసి, స్విచ్చి నొక్కి చూడండి. ఆగుద్దా, ఆగదా... అంతేనండి. నాకు ఇంకేం వద్దు."

కాదనలేకపోయాడు సత్తియ్య. సంచిలో పనిముట్లు, సీసాలో ఆయిలు కలిపిన పెట్రోలు, ఒక పాత స్కూటర్ కండెన్సర్, కొత్త ప్లగ్గు వేసుకుని బయల్దేరాడు.

వాళ్లు చేరేసరికి చీకటి పడిపోయింది. వాచ్‌మన్ గేటు తాళం తీసిచ్చి, తను మాత్రం రోడ్డు మీదే ఉండిపోయాడు.

షెడ్డు తలుపు తోయగానే వాసన కొట్టింది.

పచ్చి చెక్క వాసన. అప్పుడే కోసినట్టు... తడి తడిగా.

పదకొండేళ్లుగా అక్కడ పుల్ల కూడా కోసినవాడు లేడు.

"వానకి నానిన పొట్టు వాసనమ్మా," అన్నాడు సత్తియ్య. ఆవిడేం అడగలేదు. తనకి తనే చెప్పుకున్నాడు.

రంపం మూల బల్ల మీద ఉంది. ఎప్పుడో అడవి కాంట్రాక్టర్ల దగ్గర కొన్న జర్మనీ మిషను. చిన్నపిల్లంత బరువు. దాని మీద గోనె. గోనె మీద వేలు మందం దుమ్ము. తీసి చూస్తే మిషన్ మీదా దుమ్మే... పిడి మీద తప్ప.

చెయ్యి పట్టే చోట మాత్రం నున్నగా, శుభ్రంగా ఉంది.

సత్తియ్య ఆ సంగతి పైకి అనలేదు. టార్చి ఆవిడ చేతికిచ్చి, మిషన్‌ని వెలుగులోకి లాగాడు. ఆపే స్విచ్చి దగ్గర వెంకటదుర్గ వేలు ఆగిపోయింది.

"ఇది... ఇప్పుడు ఎటుందండి?"

స్విచ్చి ఆపే వైపుకి నొక్కి ఉంది. అలాగే తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

"చూశారా..." గుసగుసగా అంది ఆవిడ. "నొక్కాడండి."

సత్తియ్య మొదట చేసిన పని — రంపం చైనూ, దాన్ని పట్టి ఉంచే బద్దీ విప్పి దూరంగా పెట్టేశాడు. ఇంజను తిరిగినా కోసేది ఏదీ ఉండకూడదు. తర్వాత ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో నాలుగు చుక్కల ఆయిలు పోసి, తాడు మెల్లగా లాగాడు. పిస్టన్ కదిలింది. పదకొండేళ్లు పడి ఉన్న ఇంజను... ఒక్క లాగుకే కదిలింది.

ప్లగ్గు బాడీకి ఆనించి తాడు లాగాడు. నిప్పు లేదు.

మళ్లీ లాగాడు. లేదు.

మాగ్నెట్ చక్రం ఊడదీసి కింద రవ్వ పుట్టించే పాయింట్లు చూశాడు. నల్లగా మాడిపోయి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్ది, మధ్యలో సందు సరిచేసి, కండెన్సర్ మార్చి, చక్రం బిగించాడు. తుప్పు పట్టిన స్విచ్చికి ఆయిలు పట్టించి నడిచే వైపుకి జరిపాడు. గంట దాటింది.

ఈసారి లాగితే ప్లగ్గు కొసన నీలంగా ఒక రవ్వ — టక్!

అదే క్షణంలో షెడ్డు అవతలి చీకట్లోంచి — సర్ర్...

తాడు లాగిన చప్పుడు.

సత్తియ్య చేతిలో తాడు ఉంది. కదల్లేదు.

"విన్నారా?" అంది వెంకటదుర్గ.

"గబ్బిలాలమ్మా... రేకు మీద."

"నాకు తెలిసిన చప్పుడేనండి. రోజూ అన్నం తీసుకొచ్చి, అదుగో ఆ గుమ్మంలో నిలబడి వినేదాన్ని."

ప్లగ్గు బిగించి, కొంచెం పెట్రోలు పోశాడు. తొందరగా ముగించి బయటపడాలి... అంతే అతని మనసులో ఉంది. చోక్ వేసి లాగాడు. లేదు. లాగాడు. దగ్గింది. మూడోసారి —

అందుకుంది.

షెడ్డు మొత్తం అదిరింది. రేకుల మీంచి దుమ్ము రాలింది. ఆ మోతకి వెంకటదుర్గ రెండడుగులు వెనక్కి వేసింది, టార్చి మాత్రం వదల్లేదు. చోక్ తీసి నిమిషం తిరగనిచ్చాడు సత్తియ్య. ఆవిడ వైపు చూశాడు. తల ఊపింది.

స్విచ్చి నొక్కాడు.

ఆగలేదు.

మళ్లీ నొక్కాడు. గట్టిగా. ఇంజను ఇంకా హెచ్చు గొంతుతో అరిచింది.

"ఆగలేదు!" అని కేకేసింది వెంకటదుర్గ. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఆగలేదు! చూశారా... ఆగలేదు!"

మళ్లీ చోక్ వేశాడు సత్తియ్య. గాలి అందక ఏ ఇంజనైనా ఉక్కిరిబిక్కిరై ఆగాలి. ఇది ఆగలేదు. చేతికి మందంగా గుడ్డ చుట్టుకుని ప్లగ్గు టోపీ లాగేశాడు. ఇప్పుడు నిప్పు లేదు. గాలీ లేదు.

అయినా తిరుగుతోంది.

"ఆపండి సత్తియ్యగారూ... చాలండి... ఆపండి!"

ఆ అదురుకి స్విచ్చి దగ్గర ఏళ్ల తరబడి గడ్డకట్టిన పొట్టూ జిడ్డూ పెచ్చులుగా ఊడి రాలుతున్నాయి. వాటి కింద వైరు బయటపడింది. స్విచ్చి నుంచి ఇంజనుకి వెళ్లాల్సిన వైరు. స్విచ్చి నొక్కితే దాని మీదుగానే కరెంటు బాడీలోకి పోయి ప్లగ్గులో రవ్వ చావాలి.

ఆ వైరు మధ్యలో తెగి ఉంది.

తెగడం కాదు — కోసి ఉంది. శుభ్రంగా, కటింగ్ ప్లయర్‌తో. ఇంజను వైపు కొసని వెనక్కి మడిచి, టేపు చుట్టి, ఆ టేపు ఊడకుండా సన్నటి నైలాన్ దారంతో ముడి వేశారు.

వల అల్లేవాళ్లు వేసే ముడి.

సత్తియ్యకి చెవుల్లో మోత వినబడటం మానేసింది. వాళ్ల నాన్న ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పిన ముడి అది. మెకానిక్‌లలో అలా కట్టేవాడు గోదావరికి ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడు. అతనొక్కడే.

అప్పుడు గుర్తొచ్చింది. కొవ్వూరులో ఓ షాపులో పనిచేస్తున్న రోజులు. వాన. ఎవరో మనిషి వ్యానులో ఈ మిషన్ తెచ్చాడు, దుంగల లారీ ఆగిపోయింది తొందరగా కానీయమన్నాడు. స్విచ్చి వైరు పైతోలు ఊడి బాడీకి తగులుతోంది, అందుకే రవ్వ రావట్లేదు. కొత్త వైరు షాపులో లేదు. కోసి, కట్టి ఇచ్చేశాడు. 'స్విచ్చి పనిచేయదు, చోక్ వేసి ఆపమనండి, రేపు తెస్తే వైరు వేస్తాను' అన్నాడు. ఆ మనిషి సరేనన్నాడు. మళ్లీ రాలేదు. సత్తియ్య కూడా మర్చిపోయాడు.

ఏ మిల్లో అడగలేదు. కోసేవాడెవరో అడగలేదు.

"ఏమైందండి? ఏం చూస్తున్నారు?" అరుస్తోంది వెంకటదుర్గ.

చెప్పకపోతే తెలిసేది కాదు. పొద్దున్నే జేసీబీ వస్తుంది, ముడీ వైరూ అన్నీ తుక్కులో పోతాయి. ఆ ఆలోచన తనకి వచ్చిందని కూడా సత్తియ్య నా దగ్గర దాచలేదు. ఇంజను అరుస్తోంది... అరుస్తోంది...

"నేనేనమ్మా!" అన్నాడు. గొంతు చించుకుని అరిచాడు. "ఈ వైరు కోసింది నేనే!"

ఇంజను ఆగిపోయింది.

మెల్లగా తగ్గి కాదు. నోరు మూసినట్టు... ఒక్కసారిగా.

ఆ నిశ్శబ్దంలో లాకుల కింద నీళ్లు పారే చప్పుడొక్కటే. టార్చి వెలుగు అతని మొహం మీద పడింది. చాలాసేపు అక్కడే ఉంది.

"మళ్లీ చెప్పండి," అంది వెంకటదుర్గ.

చెప్పాడు. మొదటినుంచి చివరిదాకా.

"చోక్ వేసి ఆపాలని... తెచ్చినాయనతో చెప్పారా?"

"చెప్పానమ్మా."

"మా ఆయనతో ఎవరూ చెప్పలేదండి," అంది ఆవిడ. "దుంగ జారుంటది. నొక్కి పక్కన పడేద్దామనుకునుంటాడు. ఆగుద్దనే నొక్కి ఉంటాడు."

సత్తియ్య తల దించుకున్నాడు. కొట్టినా బాగుండేది అనిపించిందట. ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు.

"ఈ మాట మా అమ్మాయి ముందు చెప్తారా? మిల్లులో పనిచేసిన వాళ్లందరూ వినేటట్టు?"

"చెప్తానమ్మా."

బయటికొస్తూ గుమ్మంలో ఆగి అడిగింది ఆవిడ. "రవ్వ లేకుండా అలా ఎలా తిరిగిందండి అది?"

"లోపల మసి పేరుకుపోయి ఎర్రగా కాలితే, ప్లగ్గు లేకపోయినా కొంతసేపు తిరుగుద్దమ్మా. పాత ఇంజన్లలో ఉన్నదే."

ఆవిడ తల ఊపింది. నమ్మిందో లేదో.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు సత్తియ్య. మర్నాడు సాయంత్రం వెంకటదుర్గ ఇంటి ముందు వీధిలో, మిల్లు పాత కూలీలందరి ముందూ, ఆ ముడి ఉన్న వైరు ముక్క చేత్తో పట్టుకుని చెప్పాడు. వాచ్‌మన్‌కి తెలియకుండా జేబులో వేసుకొచ్చాడు దాన్ని. గంగయ్య కూతురు రమ్యశ్రీ ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. అంతా విని ఒక్కటే అడిగింది.

"మా నాన్న తాగలేదు కదండీ?"

"లేదమ్మా."

ఆ వైరు ముక్క అతని చేతిలోంచి తీసుకుని లోపలికెళ్లిపోయింది. ఈ రోజుకీ అతనితో మాట్లాడదు. మాట్లాడాలని అతనూ అనుకోడు.

ఇదంతా నా స్ప్రేయర్ బాగుచేస్తూ చెప్పాడు సత్తియ్య. నేను కాస్త ఊపిరి తీసుకుని అన్నాను —

"అయితే దెయ్యమేం లేదన్నమాట. అంతా మసి చేసిన పనే."

అతను చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎంత తుడిచినా తుడుస్తూనే ఉన్నాడు.

"దుర్గమ్మగారికి ఒక్క మాట చెప్పలేదండి," అన్నాడు చివరికి. "ఇంజను ఆగిందా... ఆగిన మరుక్షణం లేవబోయి తూలాను. ఆసరాకని చెయ్యి వేశాను. సరిగ్గా సిలిండర్ మీద పడింది."

"అయ్యో! కాలిందా?"

అరచెయ్యి తిప్పి నాకు చూపించాడు. మచ్చ కూడా లేదు.

"కాలువ అడుగున రాయిలా ఉందండి," అన్నాడు సత్తియ్య. "చల్లగా."