కొంగు చుట్టిన మైకు

శనివారం పొద్దున సీ కౌ లేక్ పేటలో లచ్మన్ ఇంట్లో కాఫీ కంటే ముందు ఆంప్లిఫయరు వేడెక్కింది. సాయంత్రం భజన. ఆ పెట్టె మీద లచ్మన్‌కున్న గర్వం పెట్టె కంటే రెండడుగులు ఎత్తు. పదిహేనేళ్ల కిందట అందులో ‘హమ్’ అంటూ పుట్టిన రొదని, మెకానిక్కు గడప తొక్కకుండా తానే నోరు మూయించాడు మరి!

పెట్టె మీద ఓ కాగితం. కూతురు తాష్లిన్‌కి ప్రాస్పెక్టన్ కార్ల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ ట్రైనింగు వచ్చింది. తండ్రి సంతకం కావాలి. కిందటేడు తెల్లోళ్ల పాలన పోయినప్పుడు, జీవితంలో తొలి ఓటు కోసం ఆరు గంటలు క్యూలో నిలబడ్డ మనిషికి, ఒక్క సంతకానికి వారం నుంచీ తీరిక లేదు.

“నాయనా, సోమవారం లాస్ట్ డే.”

“ఆడపిల్లకి వైర్లెందుకు మాన్? కరెంటుతో ఆటలా?”

అంతలో భార్య ప్రేమీ పాట సరిచూసుకోవడానికి మైకు తీసింది. ఎప్పట్లాగే చీర కొంగు చుట్టి పట్టుకుంది. అది ఆమె భక్తి అని పేటంతా మెచ్చుకునేది.

“అమ్మా, ఆ కొంగెందుకు?”

“ఏం లేదు... అది కొంచెం కరుస్తది.”

“ఎప్పట్నుంచి?”

“మీ నాయన బాగుచేసినప్పట్నుంచి.”

తాష్లిన్ ప్లగ్గులు పీకి స్క్రూడ్రైవరు అందుకుంది.

“ఏయ్, నా సెట్టు ముట్టకు!” లచ్మన్ గొంతు ఆంప్లిఫయరు లేకుండానే వీధి చివరికి వెళ్లింది. ఆమె ఆగలేదు. ఆంప్లిఫయరు ప్లగ్గులోనూ, దానికి తగిలించిన కీబోర్డు ప్లగ్గులోనూ ఎర్తు వైరు తెగ్గోసి ఉంది.

“అయిబో, నాయనా! రొద పోవాలని ఇది కోశావా? కరెంటు లీకైతే పోయే దారి ఇదే. ఇది మూస్తే అమ్మ చేతిలోంచి పోతది. ఓ రోజు కరవదు, మింగుద్ది!”

హమ్ పోయి పదిహేనేళ్లు. అహం పోవడానికి ఆ ఒక్క మాట చాలింది. లచ్మన్ కుర్చీలో కూలబడి భార్య వంక చూశాడు. “ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“వచ్చినోళ్లందరికీ చెప్పుకుని మురిసిపోతావు కదా. నోరు రాలేదు.”

తాష్లిన్ ఎర్తు వైర్లు బిగించింది. వేర్వేరు గోడలకున్న ప్లగ్గుల్ని పక్కపక్కన ఒకే సాకెట్టుకి చేర్చింది. “రొద పుట్టింది ఇందుకే, నాయనా. రెండింటి ఎర్తులూ రెండు దారుల్లో పోయినయి.” స్విచ్చి వేసి, మైకుకి టెస్టరు ఆనించింది. దీపం వెలగలేదు. రొదా లేదు.

లచ్మన్ గొంతు సవరించుకున్నాడు. “ముందు మైకు మీ అమ్మ చేతిలో పెట్టు. తర్వాత ఆ కాగితం నా చేతిలో పెట్టు.”

సాయంత్రం పక్కింటి సెసిల్ ఆశ్చర్యపోయాడు. “సెట్టు భలే పలుకుతోంది! ఎవరన్నా బాగుచేశారా?”

“మా తాష్లిన్! ప్రాస్పెక్టన్ ఎలక్ట్రీషియన్!” అరిచాడు లచ్మన్, మైకు అక్కర్లేకుండానే.

ప్రేమీ వట్టి చేత్తో మైకు పట్టుకుని పాడుతోంది. ఖాళీ అయిన కొంగు కళ్లకి పనికొచ్చింది.