శత్రువుకు వీపు చూపిన సైన్యం

కంప్యూటర్ ఆటలకు యుద్ధపటాలు గీయడం అతని ఉద్యోగం. గడువు నెత్తిమీదకొచ్చేసరికి కొత్త రాజ్యాన్ని ఊహించే ఓపిక లేక, కొత్తగా అద్దెకు దిగిన తన ఇంటి ప్లానునే పటంగా గీసి ఇచ్చేశాడు. హాలు మైదానమైంది, సోఫా గుట్టయింది, నడవా కనుమదారి అయింది. నడవా చివర రెండు గదులు. ఒకటి ఏడేళ్ల కూతురిది. రెండోది పాత సామాన్లు పడేసే గది. అందులో ఏం పెట్టాలో తోచక పటంలో ఖాళీగా వదిలేశాడు. ఈ గుట్టు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఆడేవాడి వంతు ఒకటి, కంప్యూటర్ వంతు ఒకటి, అలా సాగే ఆట అది. కంప్యూటర్ తెలివి ఎప్పుడూ అంతంతమాత్రమే, దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్క రకం. కానీ ఈ పటం మీద దానికి పూర్తిగా మతిపోయింది. మొదటి వంతులోనే పద్నాలుగు మంది సిపాయిల్నీ నడవాలోకి తోలి, ఆ ఖాళీ గది వైపు మొహాలు పెట్టి నిలబెట్టేది. వెనక తమ కోట తగలబడుతున్నా ఒక్కడూ తిరిగి చూసేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం పాపకు జ్వరమని అతను ఇంటి నుంచే పని చేస్తున్నాడు. భార్య డ్యూటీ నుంచి సాయంత్రం గాని రాదు. పాప ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మందు పట్టించి, నుదుటి మీద తడిగుడ్డ వేసి లేవబోతే చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, పక్క గది తలుపు వేశావా?"

"వేశాను తల్లీ. పడుకో."

"గడియ?"

"గడియ కూడా."

వేశాడో లేదో అతనికే గుర్తులేదు. జ్వరంలో మాటలే అనుకుని హాల్లోకి వచ్చాడు.

ఫోన్ మోగింది. మేనేజరు.

"ఏంటి గురూ, నీ పటంలో సైన్యం గోడకేసి చూస్తూ తపస్సు చేస్తోంది? నలుగురూ నవ్విపోతారు. సాయంత్రంలోగా ఆ తిక్క కుదుర్చు."

"కుదురుస్తాను సార్."

ఎందుకలా చేస్తోందో ఎంత వెతికినా దొరకలేదు. చివరికి, నడవాలో ఎవరూ ఆగకూడదని ప్రోగ్రాములో ఒక్క వరుస రాసేసి ఆట మొదలుపెట్టాడు. సిపాయిలు ఇటు తిరిగారు. ఒక్కొక్కడే అతని మీదికి వచ్చాడు. 'ఇప్పుడు దారిలో పడ్డారు' అని ముచ్చటపడి, ఆరు వంతుల్లో పద్నాలుగు మందినీ నరికేశాడు.

గెలిచావని ఆట చెప్పాలి. చెప్పలేదు.

'ఎదుటివారి వంతు. ఆగండి.'

ఎదుట ఎవరూ మిగల్లేదు కదా... ఆగాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం ఆడటం లేదు. ఏళ్ల తరబడి కట్టిపెట్టిన బట్టల మూట విప్పినట్టు నడవాలోంచి ముక్కిపోయిన వాసన. పటం మీద ఖాళీ గది గుమ్మం దగ్గర ఒక గడి వెలిగింది. తర్వాత నడవాలో ఒకటి... తర్వాత పాప గదిలో...

లోపల తలుపు కిర్రుమంది.

అతను దిగ్గున లేచాడు. పరుగెత్తాడు. సామాన్ల గది బార్లా తెరిచి ఉంది. అటు చూడాలంటే భయమేసి చూడలేదు. పాప మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అమాంతం ఎత్తుకుని హాల్లోకి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. అతని మెడకు పాప చెంప చల్లగా తగిలింది. హమ్మయ్య, జ్వరం దిగింది! అంత భయంలోనూ అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని తాను రాసిన వరుస కొట్టేశాడు. ఆట మళ్ళీ మొదలైంది. పద్నాలుగు మందీ బతికొచ్చారు. ఆ మందమతుల్ని చూస్తే అంత ప్రేమ పుట్టుకొస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"వెళ్ళండ్రా... నడవాలో నిలబడండి..." అని గొణిగాడు.

వాళ్ళు నడవాలోకి వెళ్ళలేదు.

కోట వదిలి మైదానంలోకి వచ్చారు. గుట్ట చుట్టూ చేరారు. అతను కూర్చున్న గుట్ట. పద్నాలుగు మందీ దాని వైపే మొహాలు పెట్టి... కదలకుండా నిలబడ్డారు.

పాప గదిలోంచి, మంచం కింది నుంచి కాబోలు, సన్నగా దగ్గు వినిపించింది.

అతని మెడ మీది చల్లని చెంప కాస్త కదిలింది.

"నాన్నా... ఇప్పుడు ఎవరి వంతు?"