బేతమంగళం చెరువులో తిరగబడ్డ పడవ

రాబర్ట్‌సన్‌పేటలో టైలరు దుకాణం పైనున్న చిన్న గదికి సోమవారం పొద్దున్నే ఒక పెద్దావిడ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా కూతుర్ని ఎవరో సంపాలని చూసినారమ్మా," అంది.

ప్రైవేట్ డిటెక్టివ్ నేత్రావతి ఫ్యాన్ వేగం పెంచి, మంచినీళ్ల గ్లాసు ఆవిడ ముందుకు జరిపింది. పక్క బల్ల దగ్గరున్న అసిస్టెంట్ మునిశంకర్ చేస్తున్న పని ఆపేశాడు. భయపడి వచ్చినవాళ్ల చేత నేత్రావతి ఎలా మాట్లాడిస్తుందో చూడడం ఐదేళ్లయినా అతనికి విసుగనిపించలేదు.

పెద్దావిడ పేరు మార్గరెట్. కోరమండల్‌లో పాత బంగారు గని కార్మికుల లైన్ ఇళ్లలో ఉంటుంది. కూతురు షర్మిల రోయింగ్ క్రీడాకారిణి. పడవలో ఒంటరిగా కూర్చుని, రెండు చేతులా రెండు తెడ్లు లాగుతూ రెండు వేల మీటర్లు పోయే పందెం అది. ఆసియా పోటీలకు వెళ్లే ఒక్క చోటు కోసం నిన్న బేతమంగళం చెరువులో షర్మిలకూ, మాలూరు వైపు పల్లె నుంచి వచ్చిన పుష్పావతికీ పందెం పెట్టారు. షర్మిల ముందుంది. గెలుపు గీత దగ్గరపడుతుండగా ఆమె పడవ కుడివైపుకు తిరగబడింది.

"తెడ్డు తలకు తగిలి నీళ్లలో మునిగిపోయినాదమ్మా నా బిడ్డ. కోచ్ ఆర్థర్ సారే ఎత్తినాడు. ఆ చోటు పుష్పావతికి పోయినాది. పడవ నట్లు నేనే బిగించినాను, ఎవరో సడిలించినారు అంటాది షర్మిల."

"పోలీసుల దగ్గరికి యాల పోలేదు?"

"నా కొడుకు జెరోమ్ వద్దన్నాడు. కేసులంటే ఇంగ చెల్లెల్ని ఏ టీములోకీ పిలవరంట."

నేత్రావతి లేచి హెల్మెట్ అందుకుంది.

పడవల షెడ్డు చెరువుకు ఒక కొసన, పందెం మొదలయ్యే చోటే ఉంది. గెలుపు గీత అవతలి కొసన, కట్ట వైపు. నీళ్ల అంచునే బండి పోయేంత బాట రెంటినీ కలుపుతోంది. కోచ్ ఆర్థర్ అరవై దాటిన మనిషి. పడవ పక్కకు చాచి ఉన్న ఇనుప చట్రాన్ని చూపించాడు. తెడ్డు దానికే ఆనుతుంది. దాన్ని పడవకు బిగించే నట్లు ఊడిపోయి ఉన్నాయి.

"పూర్తిగా ఇప్పలేదు మేడం, సడిలించినారు. మెల్లగా లాగినంతసేపు పట్టుకుంటాది. కడాన ప్రాణం పెట్టి లాగినప్పుడు ఊడొస్తాది. ఇది తెలిసినోడి పని."

"షర్మిల నట్లు బిగించింది మీరు చూసినారా?"

"చూసినాను. బిగించి, పడవను గట్టు మీదే పెట్టి, బట్టలు మార్చుకునేదానికి లోపలికి పోయింది. నేను మోటారు బోటుకు డీజిల్ పోస్తా ఉంటిని."

"అప్పుడు పుష్పావతి యాడుంది?"

"అప్పటికే నీళ్లలో ఉండాది, ఒళ్లు వేడెక్కించుకుంటా. పందెం అయిందాకా గట్టెక్కలేదు."

"పందెంలో మీరు ముందు పోతారా, వెనకా?"

"వెనకే మేడం. అప్పుడే గదా వాళ్ల ముఖాలు చూసేది. ఎవరికి ఊపిరి అయిపోతా ఉండాదో ముఖమే చెప్తాది."

పుష్పావతి షెడ్డు వెనక ఒంటరిగా కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి.

"అందరూ నన్నే అంటా ఉండారక్కా," అంది. "అసూయ లేదని చెప్పను. ఆమె పడవ ముందుకు పోతా ఉంటే నా కడుపు మండతాది. ఆ మంటకే ఇంగా గట్టిగా లాగతాను. అంతేగానీ నట్లు తిప్పేదాన్ని కాదు."

మధ్యాహ్నం వాళ్లు కోరమండల్‌లోని ఇంటికి వెళ్లారు. తలకు కట్టుతో షర్మిల మంచం మీద ఒరిగి ఉంది. జెరోమ్ ఆమెకు గంజి తాగిస్తున్నాడు. సైన్యంలో ఉండగా అతనూ రోయింగ్ చేసినవాడే, చెల్లెలికి తెడ్డు పట్టడం నేర్పిందీ అతనే. ఇప్పుడు నరసాపురంలో ఒక ఫ్యాక్టరీలో పని.

"పందెం జరిగేటప్పుడు యాడున్నావప్పా?" నేత్రావతి మామూలుగా అడిగింది.

"కట్ట మీదే మేడం, గెలుపు గీతకు అవతల. అమ్మావాళ్ల దగ్గర టెన్షన్ తట్టుకోలేక కొంచెం దూరంగా నిలబడినా."

"ఏం చూసినావు?"

జెరోమ్ గంజి గిన్నె కింద పెట్టాడు. "గెలిచిపోయినాది అనుకున్నా. పెదవి కరుచుకోని, కండ్లు సగం మూసుకోని లాగతా వస్తా ఉన్నింది. ఆ ముఖం చూస్తే నాకే ఊపిరాడలేదు. అంతలో కుడిపక్కకు వాలిపాయ."

షర్మిల అన్న చెయ్యి పట్టుకుంది. మునిశంకర్ మనసు కరిగిపోయింది.

చివరిగా కోలారులో మోహన్‌కుమార్‌ను కలిశారు. అంతర్జాతీయ రోయింగ్ ఫలితాలు చూసి, ఎవరికి ఏ పతకం వస్తుందో ముందే చెప్పే వీడియోలు చేస్తాడతను. నెల కిందట షర్మిలకు కంచు ఖాయమన్నాడు. పందేనికి ముందు శుక్రవారం మాట మార్చి, ఐదో స్థానం అన్నాడు.

"పడవ తిరగబడతాదని ముందే తెలుసా?" మునిశంకర్ అతని మీద పడినట్టే అడిగాడు.

"అయ్యో, లేదు సార్! యూరప్‌లో జరిగిన పోటీల ఫలితాలు వచ్చినాయి. ఆసియాలోనే వేరే దేశాల అమ్మాయిలిద్దరు షర్మిల కంటే బాగా ముందుండారు. ఫలితాలు మారితే జోస్యం మారాల గదా?" కంప్యూటర్లో ఆ పట్టికలన్నీ తీసి చూపించాడు.

నేత్రావతి అతని మొదటి వీడియో పెట్టించుకుంది. "అన్న జెరోమ్ ఆసియా పోటీల్లో నాలుగో స్థానంతో ఓడి వచ్చాడు. అన్నకు అందని పతకం చెల్లెలికి అందబోతోంది!" అని అందులో మోహన్‌కుమార్ ఉత్సాహంగా అరుస్తున్నాడు. ఆ తరువాత, నిన్న గెలుపు గీత దగ్గర నిలబడి అతను ఆపకుండా తీసిన పందెం వీడియో చూసింది. దూరం నుంచి నారింజ రంగు బనియను వీపు, దాని మీద ఊగే జడ, ఇరువైపులా తెడ్లు పెద్దవవుతూ వచ్చాయి. ఒక్కసారి పడవ ఒరిగింది. వీడియోలో ఎవరో కేక పెట్టారు.

"ఇంగ చాలు," అని నేత్రావతి లేచింది. "మునీ, రేపు సాయంత్రం అందర్నీ షెడ్డుకు రమ్మను."

మర్నాడు షెడ్డులో అందరూ చేరారు. పుష్పావతి ఒక మూల నిలబడింది. ఆమె పక్కన ఎవరూ నిలబడలేదు.

నేత్రావతి మొదట ఆమె వైపే చూసింది. "అనుమానమంతా పుష్పావతి మీదే. లాభం ఆమెకే వచ్చింది. కానీ షర్మిల నట్లు బిగించేటప్పటికే ఆమె నీళ్లలో ఉంది, పందెం అయిందాకా ఒడ్డెక్కలేదు. మోహన్‌కుమార్ జోస్యం మార్చింది ఫలితాలు చూసి. పైగా మొదటినుంచి కెమెరాతో కట్ట మీద, జనం మధ్యలో ఉన్నాడు. ఆర్థర్ సార్‌కు వీలుంది. కానీ షర్మిల మునిగినప్పుడు ఈ వయసులో నీళ్లలో దూకింది ఆయనే. ఇంగ ఈ పని తెలిసినోళ్లు ఎవరుండారు? షర్మిలా, ఆ బెంచీ మీద పడవలో కూర్చున్నట్టు కూర్చో తల్లీ. తెడ్లు లాగు."

షర్మిల కూర్చుని లాగింది.

"పడవ ఎటు పోతాది?"

"నా వీపు వైపు మేడం. మేము వెనక్కి తిరిగే గదా కూర్చునేది."

"గెలుపు గీత అవతల నిలబడినోడికి నీ ముఖం కనబడతాదా?"

"యాడ కనబడతాది? గీత దాటిందాకా వీపే."

నేత్రావతి మెల్లగా జెరోమ్ వైపు తిరిగింది.

"నువ్వు ఆమె ముఖం చూసినావప్పా. కరుచుకున్న పెదవి చూసినావు. నిజమే చెప్పినావు. ఆ ముఖం కనబడాలంటే పడవ వెనకాల ఉండాల. ఇక్కడ, ఈ షెడ్డు దగ్గర బయలుదేరి, అంచు బాటలో బండి మీద ఆమె వెనకాలే వచ్చి ఉండాల. మరి ఇక్కడికి వచ్చినట్టు యాల దాచినావు?"

జెరోమ్ వెళ్లి ఊడిన చట్రం పక్కన చతికిలబడ్డాడు.

"క్యాంటీన్లో రోజూ ఆ వీడియోనే పెడతారు మేడం," అన్నాడు. "నన్ను చూస్తానే నవ్వుతారు. నీకు రానిది మీ చెల్లెలు తెస్తా ఉండాదంట గదా అంటారు. తెడ్డు పట్టుకునేది నేర్పించినోడు నేను. నా పేరేమో ఓడినోడి పేరుగానే చెప్తారు. గెలవకుంటే చాలనుకున్నా. మునిగిపోతాదని అనుకోలేదు."

"నీకు ఈత వచ్చు," అంది నేత్రావతి.

"వచ్చు. కాళ్లు కదల్లేదు."

షర్మిల బెంచీ మీద నుంచి లేవలేదు. "నేను నీళ్లు మింగతా ఉంటే నువ్వు గట్టు మీద నిలబడి చూస్తా ఉంటివా అన్నా?"

మార్గరెట్ కొడుకు దగ్గరికి వెళ్లి చెయ్యెత్తింది. కొట్టలేక ఆ చేతిని తన నోటికే అడ్డం పెట్టుకుంది.

ఫిర్యాదు ఇవ్వాలా అని నేత్రావతి అడిగితే షర్మిల వద్దంది. అప్పుడు పుష్పావతి మూల నుంచి ఆర్థర్ ముందుకు వచ్చింది.

"సార్, ఇట్లా వచ్చిన చోటు నాకొద్దు. ఆమె తల గాయం మానినాక మళ్లా పందెం పెట్టండి. ఆమెను ఓడిస్తేనే నేను పోటీలకు పోతాను."

గాయం మానాక పందెం జరిగింది. షర్మిలే గెలిచింది, అదీ పడవ ముక్కంత తేడాతో. అంత గట్టిగా పుష్పావతి ఎప్పుడూ లాగలేదని ఆర్థర్ చెప్పాడు.

ఆసియా పోటీల రోజు మార్గరెట్ పిలిస్తే నేత్రావతి, మునిశంకర్ కోరమండల్ వెళ్లారు. ఇరుకు గదిలో టీవీ ముందు ఆర్థర్, పుష్పావతి, ఇరుగుపొరుగంతా కూర్చున్నారు. షర్మిల మూడో స్థానంలో గీత దాటగానే లైన్ ఇళ్లన్నీ దద్దరిల్లాయి. తన జోస్యం తప్పినందుకు ఇంత సంతోషం ఎప్పుడూ లేదని మోహన్‌కుమార్ ఫోన్ చేసి అరిచాడు.

కొంచెంసేపటికి షర్మిల ఫోన్ వచ్చింది. తల్లితో మాట్లాడింది, ఆర్థర్‌తో మాట్లాడింది, పుష్పావతితో చాలాసేపు నవ్వింది. జెరోమ్ వాకిట్లో ఫ్యాక్టరీ బట్టలతో నిలబడి ఉన్నాడు. మార్గరెట్ అతన్ని చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నకిచ్చేదా, ఫోను?"



"ఇప్పుడొద్దమ్మా. ఇంటికొచ్చినాక చూద్దాం."

స్పీకరు పెట్టిన ఫోన్లోంచి ఆ మాట వాకిటిదాకా వినిపించింది. జెరోమ్ తల ఊపాడు. షిఫ్టుకు వేళయిందని ఎవరినీ ఉద్దేశించకుండా అని, కంపెనీ బస్సు వచ్చే వైపు నడిచాడు.