నా ఆరుగురు అభిమానులు

2007ల నేనొక నవల రాసిన. పేరు 'శ్రావణంలో ఇప్పపూలు'. మూడొందల కాపీలు అచ్చేయిస్తే రెండొందల తొంభై మా మంచం కిందనే పడి ఉన్నయ్. చదివినోళ్లు ఒక్కరు దొరికినా చాలని పాణం కొట్టుకునేది.

"ఆర్కుట్‌ల పెట్టు, దేశమంతా చదువుతది" అన్నరు దోస్తులు. ఖమ్మంల నెట్ సెంటర్‌కు పోయి, నవల పేరు మీద కమ్యూనిటీ తెరిచిన. నెలైనా పురుగు గూడ చేరలే. ఇగ ఆరుగురు ఆడపిల్లల పేర్లతోటి దొంగ ప్రొఫైళ్లు చేసి, నా డప్పు నేనే కొట్టుకున్న.

ఒకనాడు ఏడో అభిమాని వచ్చింది. పేరు 'అడవిపిల్ల'.

"సార్, శ్రావణంల ఇప్పపూలు ఏడుంటయ్? అవి ఎండలు ముదిరేటప్పుడు రాలుతయ్. మీ హీరోయిన్ చెట్టెక్కి తెంపుడేంది? పొద్దుగాల కిందవడ్డయి ఏరుకుంటరు."

ఓరి దేవుడా, పుస్తకం పేరే తప్పు! ఇంతకీ ఈ ప్రొఫైల్ గూడ నేనే చేసి మర్చిపోయిన్నా? నా పాస్‌వర్డులన్నీ కొట్టి చూసిన. తెరుచుకోలే.

కౌంటర్ కాడ శారద కిసుక్కున నవ్వింది. భద్రాచలం అవతల అడివి పల్లె పిల్ల. డిగ్రీ చదువుకుంట సాయంత్రాలు ఈడ కూసుంటది.

"పాస్‌వర్డ్ నన్నడిగితే చెప్పకపోదునా, రైటర్ గారు?"

"అంటే... మీరా?"

"అవ్. మీరు కౌంటర్ మీద పెట్టిపోయిన కాపీ రెండుసార్లు చదివిన."

"మరి మిగతా ఆరుగురు..."

"పోయిన వారం మీకు జరమొచ్చి రాలే గదా. పాపం, ఆ ఆరుగురికీ జరమే అనుకుంట. ఒక్కళ్లూ ఆన్‌లైన్ రాలే!"

చెవులు కాలినయ్. బయట వాన దంచుతుంది గానీ, లేకుంటే ఉరికేటోన్ని.

"నవల గంత ఘోరంగుందా?"

"అడివే తప్పు. ఆ పిలగాడు వాగు కాడ మూడు దినాలు ఎదురుచూసిండు చూడండ్రి, ఆడ ఏడ్చిన."

ఒకరు చదివిండ్రు. ఏడ్చిండ్రు గూడ.

"ఎండకాలం మీ ఊరొస్త. పూలు రాలేది చూపిస్తరా?"

"మా నాయనమ్మ ముత్తక్కవ్వ అడిగితే ఏం చెప్పాలె?"

"తప్పు దిద్దుకోనీకి వచ్చిండని."

"గంతేనా?"

"గంతే కాదు. మీరంటే ఇష్టం. ఈ మాట మాత్రం నా సొంత పేరు మీదనే చెప్తున్న."

శారద రిజిస్టర్ల తల దాచుకున్నది. "ముందు ఆ ఆరుగుర్ని వదిలించుకోండ్రి. చెట్టు కిందికి గందరొస్తే పూలు సరిపోవు."

ఒక్కొక్కరిని డిలీట్ చేసి, రిఫ్రెష్ కొట్టిన.

మెంబర్లు: ఇద్దరు. నా జన్మల గంత పెద్ద నంబర్ చూడలే.